గురవయ్య బొటనవేలు

పాకాల మునిశేఖర్ తిరుపతిలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో పనిచేస్తాడు. బంధువులు "కరెంటు పెట్టేవాడు" అంటే అతనికి ఒళ్లు మండుతుంది. డాక్టరు మెదడులో గడ్డ కోసేముందు, చేతిని కదిలించే చోటు ఎక్కడుందో కరెంటుతో వెతకాలి. ఎంత కరెంటు పెట్టాలో చూసుకునేది మునిశేఖరే. తక్కువైతే ఆ చోటు తెలియక కత్తి దానిమీదే పడుతుంది. ఎక్కువైతే మనిషికి ఫిట్సు వస్తుంది. అందుకే అతి తక్కువతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతాడు.

ఆ రోజు బల్లమీద ఉన్నది గురవయ్య, కొండమీద కల్యాణకట్టలో గుండ్లు గీసే మనిషి. తలకు మాత్రమే మత్తిచ్చి, అతన్ని మెలకువగానే ఉంచారు. కరెంటు మరికాస్త పెంచగానే అతని కుడి బొటనవేలు లేచి, మడుచుకుంది.

"నువ్వే కదిలించినావా అన్నా?" అని అడిగాడు మునిశేఖర్.

"నేను కాదు సార్. ఎవరో కదిలించినారు."

"అది నేనేలే!" అని నవ్వి, మునిశేఖర్ కరెంటును అక్కడే నిలిపాడు. ఆపరేషన్ బాగా జరిగింది.

కొన్ని నెలల తర్వాత మునిశేఖర్ మొక్కు తీర్చుకోవడానికి కొండెక్కాడు. తల తడుపుకుని, వంచి కూర్చున్నాక గాని ఎదురుగా ఉన్నది గురవయ్య అని గుర్తుపట్టలేదు. చెయ్యి భేషుగ్గా ఆడుతోంది. కత్తి నుదుటి నుంచి జారుతూ వచ్చి, చెవి వెనక ఆగింది.

"ఒక మాట అడగతాను సార్," అన్నాడు గురవయ్య మెల్లగా. "ఆ పొద్దు నుంచి కత్తి పట్టినప్పుడల్లా ఇదే అనుమానం. ఇప్పుడు ఈ చెయ్యి కదిలిస్తా ఉండేది నేనా, మీరా?"

 మునిశేఖర్ మెడమీద ఆ బొటనవేలు లేచి, మడుచుకుంది.