దర్జీ చేతికి నోటీసు

కోర్టులో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఇరవై ఆరేళ్లుగా గడప గడపకూ తిరిగి నోటీసులు అందించే మనిషి కాబట్టి, గుమాస్తాల నుంచి జడ్జిగారి డ్రైవరు దాకా అందరికీ ఆమె నోటీసు పిన్నే. మనిషి పీలగా ఉంటుంది, మాట మెత్తగా ఉంటుంది. పట్టు మాత్రం ఉడుం పట్టు.

అలాంటి పిన్నికి ఆ ఏడాది ఒక దర్జీ కొరకరాని కొయ్య అయ్యాడు. మొదటి భార్య ఉన్న సంగతి దాచి, మందుల షాపులో పనిచేసే ఒక అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. నాలుగు నెలలకు గుట్టు రట్టయింది. ఈ పెళ్లి చెల్లదని తేల్చమంటూ అమ్మాయి కోర్టుకెక్కింది. నోటీసు అతని చేతికి అందితే గాని కేసు కదలదు. ఆ కిటుకు అతనికి ఎవరు చెప్పారో గాని, మూడు వాయిదాలు గడిచినా చిక్కలేదు.

మూడోసారి వెళ్లినప్పుడూ అతని తల్లే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“వాడు ఊళ్లో లేడమ్మా.”

లోపల కుట్టుమిషను టకటకలాడుతోంది.

“మరి ఆ మిషను తొక్కేదెవరు పెద్దమ్మా?”

ముసలావిడ తడుముకోలేదు. “పిల్లి. దానికి అదో అలవాటు.”

“కుట్టు తిన్నగా వస్తోందా మరి?” అని అడిగి పిన్ని వెనుదిరిగింది.

దారంతా నవ్వు ఆగలేదు. కోర్టు మెట్లెక్కుతుంటే మాత్రం, ప్రతి వాయిదాకూ సగం రోజు సెలవు పెట్టి వచ్చి వరండా గోడకానుకుని నిలబడే ఆ అమ్మాయి గుర్తొచ్చి ఒళ్లు మండింది.

మర్నాడు ముసలావిడ కూరగాయలకు వెళ్లే వేళ కనిపెట్టి, మనవరాలి కోసం కొన్న పూల గుడ్డ చంకన పెట్టుకుని బయల్దేరింది.

“బాబూ, గౌను కుడతావా?”

బేరం అనేసరికి దర్జీ మెడలో టేపుతో బయటికొచ్చాడు. పిన్ని చెప్పిన కొలతలు రాసుకున్నాడు.

“రసీదు ఇవ్వు నాయనా, నాకు మతిమరుపు. నీ పేరు, మీ నాన్నగారి పేరు పూర్తిగా రాయి.”

“గౌనుకి మా నాన్న పేరెందుకండీ?”

“మంచి పనివాడి గురించి నలుగురికీ చెప్పొద్దూ?”

అతను ఉబ్బిపోయి రాసిచ్చాడు. పిన్ని అక్షరం అక్షరం సరిచూసుకుని, గుడ్డ మడతలోంచి నోటీసు తీసి చేతిలో పెట్టింది.

“ఇది నీదే. ఇక్కడ సంతకం చెయ్యి.”

రెండు లైన్లు చదివేసరికి దర్జీ మొహంలో నెత్తురు చుక్క లేదు. “పెద్దవాళ్లు మీరు, ఇంత మోసం చేస్తారా?”

“కేసు మోసం గురించే కదా నాయనా. చెప్పుకునేదేదో అక్కడే చెప్పుకో. గౌను చేతులు మాత్రం బిగుతుగా పెట్టకు.”

కక్కలేక మింగలేక సంతకం చేశాడు.

ఆ తర్వాత రెండు వాయిదాలతో తేలిపోయింది. ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని తీర్పొచ్చింది. నకలు తీసుకున్న రోజే ఆ అమ్మాయి వరండా బల్ల మీద కొత్త ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ, ఒకచోట కలం ఆపేసింది.

“పిన్నీ, పెళ్లయిందా కాలేదా అని అడిగారు. ఏం రాయను?”

“కాలేదని రాయి. నమ్మకపోతే జడ్జిగారి సంతకం చూపించు.”

అమ్మాయి అక్కరలేనంత పెద్ద అక్షరాలతో రాసింది. గడి చాలక ఆఖరి అక్షరం పక్క గడిలోకి పోయింది.