పేక దెబ్బ తినని నెమలి

హిందూపురంలో మా ఇంటి వాళ్లది కిరాణా అంగడి. నేను మాత్రం కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలకు నడక నేర్పే పనిలో పడ్డాను. పెళ్లి స్టేజీ వెనక తెర మీద పూలు రాలడం, పేర్లు మెరవడం, అలాంటివి. చేసి చేసి విసుగొచ్చిన రోజుల్లో ధర్మవరం నుంచి ఒక పని వచ్చింది. పట్టుచీరలకు డిజైన్లు గీసే ఒక ముసలాయనకు ఆయన వీధి నేతగాళ్లంతా కలిసి సన్మానం చేస్తున్నారు. ఆయన గీసిన నెమలిని కళ్యాణమండపం పక్కగోడ మీద, గోడంత పెద్దగా, పోగు పోగుగా లేచి నిలబడేట్టు చూపించాలి.

సంగతంతా వివరించింది ఆయన భార్యే, ఫోన్లో.

"మా ఆయనకు కండ్లు పోతాండాయి పాపా. నరం ఎండిపోయిందంట, ఆపరేషను చేసినా రాదంట. అరచెయ్యి కంటే చిన్నది ఏదీ ఆనదు. గోడంత చేస్తే ఆయప్ప నెమలి ఆయప్పకు ఒక్కసారన్నా కనపడుతుందేమో."

ఆ మాట విన్నాక ఇక బేరమాడలేదు.

చూపు బాగున్న రోజుల్లో ఆయన గీసిన గ్రాఫు కాగితం తెప్పించుకున్నాను. ఒక్కో గడి ఒక్కో పోగు. పెన్సిలు ముల్లంత సన్నగా, ఎర్ర సిరాతో నింపిన వేల గడులు. నెమలి మెడ నాకు కొంచెం పొడుగ్గానే అనిపించింది. కానీ మా అంగట్లో తూకం రవ్వంత అటూ ఇటూ అయితే నాయన ఊరుకోడు. ఆ ఇంట్లో పెరిగినదాన్ని, పెద్దాయన గీసిన దాన్ని సరిదిద్దడానికి నేనెవరిని? రెండు వారాలు కూర్చుని ఒక్క గడి తేడా రాకుండా ఎక్కించాను. అంత నిజాయితీగా పని చేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ధర్మవరం వెళ్లే రైల్లో పెనుకొండ కొండ దాటేదాకా లాప్‌టాప్ మూయలేదు.

సన్మానం రేపనగా, పొద్దుగూకాక గోడ మీద వేసి చూశాం. వీధివాళ్లంతా వచ్చారు. నెమలి లేచింది. వెనకనుంచి ఒకామె పకపకా నవ్వింది.

"ఇదేందమ్మా, కొంగ మాదిరి ఉండాది!"

నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గు కూడా వేసింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న పెద్దాయన మాత్రం నవ్వలేదు.

"దీన్ని యాడ చూసి చేసినావు పాపా?"

"మీ కాగితం చూసే తాతా. ఒక్క గడి కూడా మార్చలేదు."

"అదే తప్పు. అది కాగితం, బట్ట కాదు. పేక దెబ్బ తినల్ల."

నాకు అర్థం కాలేదు. ఆయన భార్యతో అదే నెమలి ఉన్న చీర తెప్పించి నా చేతిలో పెట్టాడు. మగ్గంలో అడ్డంగా వేసే పోగును పేక అంటారు. వేసిన ప్రతిసారీ దాన్ని గట్టిగా కొట్టి కింది పోగుకు అతికిస్తారు. ఆ దెబ్బకు పోగులు దగ్గరై బొమ్మ కిందికి కుదించుకుపోతుంది. అందుకని కాగితం మీద ముందే పొడుగ్గా గీస్తారు. చీరలో నెమలి ఎంత చక్కగా ఉందో! ఆయన బొటనవేలితో దాన్ని తడిమి, "ఐదు పాళ్లుండేదాన్ని నాలుగు పాళ్లు చెయ్" అన్నాడు. స్కేలు పెట్టి కొలిచాను. అంతే వచ్చింది.

ఆ పని నాకు కంప్యూటర్‌లో ఒక అంకె మారిస్తే అయిపోతుంది. ఆయనకు అట్లా మార్చి చూసుకునే వీలే లేదు. జీవితమంతా ఆయన గీసిన ప్రతి పక్షీ కాగితం మీద తప్పుగానే ఉంది, చీరలో సరిగ్గా రావడం కోసం. తప్పు బొమ్మ గీస్తూ ఒప్పు బొమ్మను లోపల చూసుకుంటూ కూర్చున్న ఆ మనిషిని తలుచుకుంటూ కాగితాన్నీ చీరనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాను. నా రెండు వారాల గర్వం ఎటు పోయిందో తెలియదు.

మర్నాడు మండపం భోజనాల హాల్లో కూర్చుని మొత్తం తిరగ చేశాను. పక్కింటి మగ్గం చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకొచ్చి జత చేశాను. ఒక్కో వరుసా పైనుంచి వదులుగా దిగుతుంది. టక్కుమని దెబ్బ పడుతుంది. వరుస కిందికి జరిగి కుదురుకుంటుంది.

సాయంత్రం గోడ మీద కాళ్లు లేచాయి, పొట్ట లేచింది, మెడ లేచి సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. శాలువా పట్టుకున్నాయన శాలువా సంగతి మరిచిపోయాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. భార్య చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని గోడ దగ్గరికి నడిచాడు. ఆయన నీడ నెమలి మీద పడింది. ఎవరూ పక్కకు జరగమనలేదు. వెలుగుకు అడ్డం లేకుండా ఒక పక్కగా ముఖం గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి, అరచెయ్యంత గడులతో లేచిన కాలి దగ్గర చెయ్యి ఉంచాడు.

"నిలుపు పాపా. ఈ గోరు చూడు. ఒక గడి పక్కకు పడిండాది."

గబగబా కాగితం తీసి వేలు పెట్టి వెతికాను. అందులోనూ అలాగే ఉంది.

"నేను మార్చలేదు తాతా. మీ కాగితంలోనే అట్ల ఉండాది."

ఎన్ని చీరలు ఆ గోరుతోనే పెళ్లిళ్లకు వెళ్లి ఉంటాయో. ముందు వరుసలో పెద్దవాళ్లు తలలు దించుకున్నారు. ఆయన మాత్రం భార్య వైపు తిరిగాడు. ముఖమంతా నవ్వే.

"ఏమే, ఇట్ల రా! నా తప్పు నాకు కనపడతాండాది!"