కొబ్బరికాయ కొట్టిన ప్రణాళిక

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు: నాతో వాదించి ఓడినవారు, ఇంకా నా చేతికి చిక్కనివారు. పలాసలో దయ్యాలు లేవని, చిల్లంగి చేతబడులు ఉత్తవని సభలు పెట్టి గొంతు పోగొట్టుకుంటున్న నన్ను టెక్కలిలోని ఓ చిన్న స్వచ్ఛంద సంస్థ పనిలోకి తీసుకుంది. సంస్థ నడిపే సారు, నేను చేరిన రోజునే, "మాట్లాడకుండా ఉండడమే నీ ఉద్యోగం" అన్నారు. రాబోయే ఐదేళ్లలో సంస్థ ఏం చేయాలో ఆఫీసులో కూర్చుని మనం రాయకూడదట. ఊరి పటం ఊళ్లోవాళ్లే గీసి, ఏది ముందో ఏది వెనకో వాళ్లే తేల్చాలట. (ఈ 'అట'లన్నీ అప్పటి నావి. ఇప్పుడు అవే మాటలు కుర్రవాళ్లకు నేను చెబుతున్నాను.)

అలా సంతబొమ్మాళి వైపు ఓ జాలర్ల ఊరికి వెళ్లాం. తేలవలసింది ఒక్కటే: మొదటి ఏడాది మేం వేయించే మంచినీటి కుళాయి ఎక్కడ పెట్టాలి? తన గుమ్మం ముందని ఊరిపెద్ద ముందే చెప్పేశాడు. ఇసుకదిబ్బ అవతలి వీధి ఆడవాళ్లు రోజూ బిందెలెత్తుకుని ఆ దిబ్బ ఎక్కి దిగుతున్నారు. కానీ పెద్దమనిషి ఎదుట నోరు విప్పే అలవాటు వాళ్లకు లేదు. అలాంటివాళ్ల చేత చెప్పించడానికే ఈ పటం. ఊళ్లో దొరికే వస్తువులతోనే గీయించమని సారు చెప్పారు కాబట్టి, నేను బాగా ఆలోచించి, వీధులకు ముగ్గుపిండి, ఇళ్లకు పసుపు, నూతులకు కుంకుమ అన్నాను. ఆడవాళ్లు ఇసుకను పేడనీళ్లతో అలికి మరీ గీశారు. పటం ముచ్చటగా వచ్చింది. "ఇప్పుడు ఇందులోకి దిగి, కుళాయి ఎక్కడ కావాలో అక్కడ నిలబడండి" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. అప్పటికే అందరూ చెప్పులు దూరంగా విడిచి, చేతులు కట్టుకుని ఉన్నారు.

"దిగండి, ఇది ఊరి పటమే కదా!"

"పటవైతే మాత్రం, పసుపు కుంకం మీద కాలెట్టమంతావేటి బాబూ?" అన్నాడు ఊరిపెద్ద.

నాలోని ఉపన్యాసకుడు లేచాడు. పసుపు వంటింటి దినుసనీ, కుంకుమ కొట్లో సరుకనీ మొదలుపెట్టి, ఎలా దిగాలో చూపించడానికి కాలెత్తాను. "ఓలమ్మా! ఆ కాలు దించీకు నాయనా!" అని అరిచింది అవతలి వీధి ముసలామె. ఊరంతా ఆమెను అప్ప అంటారు. నేను నిజంగానే దించలేదు. (ఒంటికాలి మీద హేతువాదం ఎంతసేపు నిలుస్తుందో సారు తర్వాత చాలాకాలం అడుగుతూనే ఉన్నారు.) ఈలోగా అప్ప కొబ్బరికాయ తెప్పించి, రాతి మీద కొట్టి, పటం అంచున వంగి చెయ్యి చాచి, తన వీధి మొగలో రెండు చిప్పలూ పెట్టి కర్పూరం వెలిగించింది. అందరూ దండం పెట్టారు. నా ప్రణాళిక కాస్తా పూజ అయిపోయింది.

"గంగమ్మకి ఇక్కడే మొక్కినాను. కుళాయి ఇక్కడే ఎయ్యాల" అంది అప్ప.

"అదేటప్పా! మా గుమ్మం కాడ అనుకున్నాం గదేటి?"

"అయితే మొక్కినకాయ నువ్వే తీసీ, బావా. నానేటి అడ్డమా?"

ఊరిపెద్ద కాయ వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. తెల్లారితే ఆ గంగమ్మ మీదికి వేటకు వెళ్లాల్సింది ఆయన కొడుకులే. "ఒగ్గీండి, అక్కడే ఏసీండి" అన్నాడు.

కొబ్బరిచిప్పకు ఏ మహిమా లేదని ఒక్క మాట అంటే చాలు, వాదన నాది, కుళాయి ఆయనది. సారు నా వైపే చూస్తున్నారు. మెల్లగా కాలు వెనక్కి తీసి, నా జీవితంలో మొదటిసారి ఒక ఉపన్యాసాన్ని మింగాను.

వచ్చేటప్పుడు మాత్రం ఉండబట్టలేక, "అప్పా, అక్కడ గంగమ్మ ఉందని నిజంగా నమ్ముతున్నావా?" అని అడిగాను.

"నీకేటి గావాలి నాయనా, కుళాయా, జవాబా?" అంది.

నేను ఇప్పటికీ నమ్మను. ఆ ఊరికి నీళ్లు తెచ్చింది గొట్టమే కానీ కొబ్బరికాయ కాదని ఎవరితోనైనా వాదిస్తాను. అయితే ఆ గొట్టం దిబ్బ దాటి అవతలి వీధి దాకా ఎలా వెళ్లిందని ఎవరైనా అడిగితే, పసుపు కుంకుమల పటం అంచున ఒంటికాలి మీద ఊగుతున్న ఆ కుర్రాడు కళ్ల ముందుకు వస్తాడు. ఆ కాలు పటంలో పెట్టి ఉంటే వాడు ఆ రోజు కూడా వాదన గెలిచేవాడు, పాపం.