ఉప్పాడ గడప

మా మావయ్యగారికి తుఫానంటే ఇంట్లో పెళ్ళంత సంబరం. ఆ మాట మొహం మీద అంటే ఒప్పుకోరు. దాన్ని ముందుజాగ్రత్త అనాలట. ఆయన కాలవల మీద ఓవర్సీరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసంతా గట్లెక్కడ తెగుతాయో చూసుకుంటూ తిరిగిన మనిషికి ఇప్పుడు కాపాడ్డానికి మిగిలింది కాకినాడలో మా ఇల్లొక్కటే. దసరా వెళ్ళాక టీవీలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, హాల్లో గోడకి తగిలించిన అట్ట మీద కొత్త కాగితం ఎక్కుతుంది. వరద ఎన్ని అంగుళాలొస్తే ఏ సామాను ఎంత ఎత్తుకి చేరాలో అందులో వరసగా రాసి ఉంటుంది. దాన్ని రోజూ ఆయనకి చదివి వినిపించే భాగ్యం ఈ ఇంటి కోడలిగా నాది.

మా ఇంట్లో ఎత్తు అంటే అటకే. పైన వాటా లేదు. మొదట అటకెక్కేవి ఆయన సన్మానం శాలువాలు. రిటైరైన రోజు కప్పినవి కొన్ని, ఆ తర్వాత కాలనీ సంఘం వాళ్ళు తోచుబాటు కానప్పుడల్లా పిలిచి కప్పినవి కొన్ని. ఒక్కటీ మడత విప్పిన పాపాన పోలేదు. వాటి వెనక జ్ఞాపికలు. గాజుపెట్టెలో ఎడ్లబండి, చెక్క మీద అతికించిన ఇత్తడి రేకులు, ఒకే అచ్చులో పోసిన బంగారు రంగు ప్లాస్టిక్ సరస్వతులు మూడు. చోటుంటే దస్తావేజులు, మా పెళ్ళి ఆల్బమ్‌లు. అన్నిటికన్నా చివర ఆవకాయ జాడీలు. అవి ఎక్కేదాకా మా అత్తయ్యగారు నిచ్చెన దగ్గర్నుంచి కదలరు కాబట్టి ఎక్కుతాయి, లేకపోతే అదీ అనుమానమే.

ఆ కాగితంలో ఏనాడూ ఎక్కనిది ఒకటుంది. డాబా మీదకెళ్ళే మెట్ల కింద గోడకి ఆనించి ఉండే టేకు చెక్క. అది అత్తయ్యగారి పుట్టింటి గడప. ఆవిడది ఉప్పాడ. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళింటికీ సముద్రానికీ మధ్య రెండు వీధులుండేవట. ఒకటి పోయింది, కొన్నాళ్ళకి రెండోదీ పోయింది, ఆ తర్వాత వంతు వీళ్ళింటికొచ్చింది. అరుగు కూలిన రోజున వాళ్ళన్నయ్య గునపం పట్టుకుని ఉన్న కలపంతా ఊడదీశారు. తలుపులూ వాసాలూ ఎవరెవరికో వెళ్ళిపోయాయి. ఆవిడ అడిగి తెచ్చుకున్నది గడపొక్కటే. ఇప్పుడు ఆ ఇల్లున్న చోట పడవలు తిరుగుతాయి.

శుక్రవారం పొద్దున్నే మా వీధిగుమ్మం గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, మిగిలిన పసుపు గిన్నె పట్టుకుని మెట్ల కిందకి వెళ్తారావిడ. ఆ చెక్కకీ అలాగే రాసి, అలాగే బొట్లు పెడతారు. ఇల్లు లేని గడపకి ఇంత సేవేంటని మావయ్యగారు పేపరు చాటునుంచి నవ్వేవారు. కాపరానికొచ్చిన కొత్తలో నేనూ నవ్వాను, ఆయనకి వినపడేలా. మార్కులు కొట్టెయ్యాలి కదా మరి.

కిందటేడు నవంబర్లో వచ్చిన తుఫాను మా పక్కనే తీరం దాటుతుందన్నారు. టీవీ నిండా రెయిన్‌కోట్లు తొడుక్కున్న కుర్రాళ్ళు ఉప్పాడ బీచ్‌లో నిలబడి గొంతు చించుకుంటున్నారు. వాళ్ళ వెనక ఒకాయన తాపీగా సైకిల్ నడిపించుకుంటూ పోతున్నాడు. మా వీధి కొట్లలో కొవ్వొత్తులు, బంగాళాదుంపలు, బ్రెడ్డు పొద్దున్నే ఖాళీ. తుఫానుకీ బ్రెడ్డుకీ ఉన్న చుట్టరికం ఏంటో నాకిప్పటికీ తెలీదు, నేనూ రెండు ప్యాకెట్లు కొన్నాను. మా ఆయనకి ఆఫీసులో తుఫాను డ్యూటీ. ఇంట్లో మేం ముగ్గురమే.

ఆ పొద్దున అత్తయ్యగారు మొదటిసారి నోరు తెరిచి అడిగారు, ఈసారి గడప కూడా పైకెక్కించమని. చోటు లేదన్నారు మావయ్యగారు. పైగా అది టేకట, నీళ్ళు తగిలితే ఇంకా గట్టిపడుతుందట. ఒక సరస్వతిని దింపితే చోటు దానంతటదే వస్తుందని నాకు కనపడుతూనే ఉంది. అయినా నేను నోరు మెదపలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు. తుఫాను పక్కకి పోవాలని అమ్మవారికి కొబ్బరికాయ కొట్టడానికి పిఠాపురం బస్సెక్కారు. మా ఇంట్లో ముందుజాగ్రత్తలో ఆ శాఖ ఆవిడది.

ఆవిడ అటు వెళ్ళగానే ఇటు దొడ్డిగుమ్మం సమస్య బయటపడింది. మా దొడ్డి పల్లంలో ఉంటుంది. పెద్ద వాన పడితే మురుగుకాలవ ఎదురు తన్ని వంటింట్లోకి వస్తుంది. గుమ్మానికి అడ్డంగా చెక్క బిగించి, దాని వెనక ఇసకబస్తాలు వెయ్యాలని కాగితంలో ఉంది. చెక్క ఎక్కడిదో కాగితంలో లేదు. ఊళ్ళో ప్లైవుడ్ అయిపోయింది, వడ్రంగులు ఫోనెత్తట్లేదు. మావయ్యగారు టేపు పట్టుకుని ఇల్లంతా రెండు చుట్లు తిరిగి మెట్ల దగ్గర ఆగారు.

అత్తయ్యగారిని ఒక మాట అడుగుదామా అన్నాను. బస్సులో ఆవిడకి ఫోన్ వినపడదన్నారు. ఆ తర్వాత చెప్పిన న్యాయం వింటే ఎవరైనా తల ఊపాల్సిందే. గడప పని గుమ్మంలో ఉండడం, ఇన్నాళ్ళకి దానికి గుమ్మం దొరికింది, పసుపు రాసిన చెక్క వాకిట్లో అడ్డంగా నిలబడితే ఇంటికే మంచిది, మీ అత్తయ్య సంతోషిస్తుంది చూడు అన్నారు. ఒక్కటే ఇబ్బంది, దొడ్డిగుమ్మానికి అది జానెడు పొడవెక్కువ. ఆయన రెండుసార్లు కొలిచి పెన్సిల్‌తో గీత గీశారు. కొలతలో వెంట్రుకవాసి తేడా రానివ్వని మనిషి.

రంపం ఆయనది. చెక్క కదలకుండా నొక్కిపట్టే పని నాది. గడప తొక్కకూడదని మా అమ్మ నన్ను చిన్నప్పుడు ఎన్నిసార్లు తిట్టిందో లెక్కలేదు. చేతులతో ఆగట్లేదని మావయ్యగారు కసిరితే, చెప్పు విడిచి కుడికాలు దాని మీద పెట్టి తొక్కిపట్టాను. చెప్పు విడిచాను కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పసుపు కలిసిన రంపంపొట్టు నా పాదం మీద రాలింది. ఆ సంగతి అత్తయ్యగారికి ఇవాళ్టివరకూ చెప్పలేదు.

బిగింపు బ్రహ్మాండంగా కుదిరింది. ఆయన ఫోటో తీసి కాలనీ గ్రూపులో పెట్టారు. అందరూ దండాలు పెట్టారు. ఇంకో శాలువా ఖాయమనుకున్నాను.

మధ్యాహ్నం అత్తయ్యగారు ప్రసాదం పట్టుకుని వచ్చారు. అలవాటు కొద్దీ కాళ్ళు కడుక్కోడానికి దొడ్డి వైపు వెళ్ళారు. ఎంతకీ తిరిగి రాలేదు. నేను వెళ్ళి చూస్తే, కోసేసిన జానెడు ముక్కని ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నారు. ఏడవట్లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది. మావయ్యగారు గడప పనీ గుమ్మం సంగతీ మొదలుపెట్టబోయారు.

“సముద్రానికి దొరక్కుండా తెచ్చుకున్నానండీ దీన్ని” అన్నారావిడ.

అంతే అన్నారు. మావయ్యగారు మిగతా న్యాయం మింగేశారు.

సాయంత్రానికి తుఫాను దారి మార్చుకుంది. ఎక్కడో పైన దాటుతుందన్నారు. మాకు ఆరేసిన బట్టలు తడిసేంత జల్లు పడి ఆగిపోయింది. మావయ్యగారు చీకటి పడేదాకా దొడ్లో నిలబడి మబ్బుకేసి చూశారు. ఒక్క చెంబుడు నీళ్ళు వచ్చి ఆ చెక్కకి తగిలినా ఆ రోజు ఆయన మొహం నిలబడేది. రాలేదు.

మర్నాడు వడ్రంగి ఫోనెత్తాడు. జిగురు పెట్టి ఇనపపట్టీలు వేస్తే కోసినట్టే తెలీదన్నాడు. అత్తయ్యగారు ససేమిరా అన్నారు. భిన్నమైపోయినదానికి పసుపు రాయకూడదు, అతికించి మాత్రం ఏం లాభం అన్నారు. రెండు ముక్కలూ మళ్ళీ మెట్ల కిందకి చేరాయి. ఆ శుక్రవారం వీధిగుమ్మానికి పసుపు రాశాక మిగిలింది కుళాయి కింద కడిగేశారు. పేపరు చాటున మావయ్యగారు ఆ కుళాయి చప్పుడు విన్నారు. నవ్వలేదు. ఆ పేజీ తిప్పనూ లేదు. తర్వాతి శుక్రవారమూ అంతే. ఆయనతో మాటలు మానలేదావిడ. అన్నం పెట్టేవారు, మందులు గుర్తుచేసేవారు. అదే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

డిసెంబర్లో ఇంకో అల్పపీడనం. అట్ట మీద కాగితం మారింది. చదివి వినిపించమని ఈసారి ఎవరూ పిలవకపోతే నేనే వెళ్ళి చూశాను. మొదటి వరసలో ‘గడప, రెండు ముక్కలు’ అని ఉంది. శాలువాలు కాగితంలోనే లేవు. మూడు సరస్వతులూ దిగి టీవీ పక్కన వరసగా నిలబడ్డారు. గడప ముక్కలు రెండూ ఆయనే మోసి, ఆయనే అటకెక్కించారు. నన్ను పట్టుకోనివ్వలేదు. అత్తయ్యగారు చూసి కూరగాయలు తరుక్కుంటూ ఉండిపోయారు.

మర్నాడు శుక్రవారం. పొద్దున్నే హాల్లోకొస్తే మావయ్యగారు నిచ్చెన మీద ఉన్నారు. ఒక చేత్తో అటక పట్టుకుని, రెండో చేత్తో గడపకి పసుపు రాస్తున్నారు. గోడకి సున్నం కొట్టినట్టు రాస్తున్నారు. పసుపు నీళ్ళు కారి ఆయన మోచేతి మీదుగా నిచ్చెన మెట్ల మీద పడుతున్నాయి. బొట్లు పెట్టడానికి పెన్సిల్‌తో ముందే సమానంగా గుర్తులు కూడా పెట్టుకున్నారు, అవి ఈ ముక్క మీంచి ఆ ముక్క మీదకి తప్పకుండా సాగేలా. నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి కాసేపు చూశారు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని నిచ్చెన పట్టుకున్నారు.

“నీళ్ళెక్కువైపోయాయి. గిన్నె ఇటివ్వండి” అన్నారు.

ఆయన వంగి ఇచ్చారు. ఆవిడ పసుపు చిక్కగా కలిపి, గిన్నె మళ్ళీ పైకందించారు.