సొంత సిపాయి మీద వేలు

హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో నా గదిలో ఉండే దోస్తు ఒకడు నాకు సిపాయి బొమ్మల ఆట అంటించాడు. బల్ల మీద ఆడే చిన్న యుద్ధం అది. వేలెడంత ప్లాస్టిక్ సిపాయిలుంటాయి. వాటికి మనమే రంగులు వేసుకోవాలి, టేపుతో దూరం కొలిచి జరపాలి, పాచికలు వేసి కొట్టాలి. నారాయణఖేడ్‌కు తిరిగొచ్చి బస్టాండ్ దగ్గర మొబైల్ రిపేరు దుకాణం పెట్టుకున్నాక ఆ పెట్టె చాలాకాలం సజ్జ మీదే ఉండిపోయింది. ఆడటానికి నాకెవరూ తోడు లేరు.

చివరికి మా అక్క మొగుడు, బావ దొరికాడు. మనూరు దాకా ఆటో నడుపుతాడు. ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింట్లోనే అన్నం తిని, ముందరి గదిలో మొబైల్ అట్టపెట్టెలతో కోటలు, వంతెనలు కట్టి ఆడేవాళ్లం. గడ్డాలు మొలిచినా బొమ్మలు వదల్లేదని అక్క మమ్మల్ని చూసి నవ్వేది.

అక్క బట్టలు కుట్టేది. మా గల్లీలో ఆమె చేతి జాకెట్టు తొడుక్కోని ఆడమనిషి లేదు. పోయినేడు ఆమెకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఎడమచేత్తో ఏవైనా సన్నటి పనులు చేయిస్తూ ఉండమని దవాఖానలో చెప్పారు. నేనొక సిపాయి బొమ్మనూ సన్న కుంచెనూ తెచ్చి ఆమె ముందర పెట్టాను. ఆ ఒక్క బొమ్మతో ఆమె రోజుల తరబడి కుస్తీ పట్టింది. కళ్లు చెంపల మీదికి జారాయి. అంగీ ఎరుపు మెడ మీదికి పాకింది. పూర్తయిన రోజు దాన్ని తెచ్చి నా సిపాయిల మధ్య నిలబెట్టి, "ఇగ గీడు నీ దిక్కు కొట్లాడుతడు" అంది.

అప్పటికి బావకూ నాకూ ఒక తగువు నడుస్తోంది. సొంత బొమ్మల మీదికి బాణం వేయకూడదని ఆట పుస్తకంలో ఉంది. మరి మన సిపాయిలూ అవతలివాళ్లూ ఒకచోట కలబడి ఉన్నప్పుడు ఆ గుంపులోకి వేయవచ్చా? వేయవచ్చని నేను, మనోణ్ణి మనమే ఎట్లా కొడతామని బావ. చాలా వాదించుకున్నాక మా ఇంటి మట్టుకు ఒక రూల్ పెట్టుకున్నాం. గుంపులోకి వేయవచ్చు. కానీ పాచిక వేసేముందు, గురి తప్పితే పడిపోయే సొంత బొమ్మ మీద వేలు పెట్టి చూపించాలి. సరి సంఖ్య పడితే శత్రువు పోతాడు, బేసి పడితే వేలు కింద ఉన్నవాడు పోతాడు. అది బావ పట్టుబట్టి పెట్టించిన షరతు. "ఎవడు పోతడో నువ్వే చెప్పాలె. తప్పు పాచిక మీదికి నూకుడు లేదు" అన్నాడు.

ఒక ఆదివారం బావ సేనకు నాయకుడైన సర్దార్ బొమ్మ నా వంతెన మీదికొచ్చాడు. నా సిపాయిలు ముగ్గురు అతనితో కలబడి ఉన్నారు. ముగ్గురి బలమూ ఒకటే. ఇద్దరికి నేను శ్రద్ధగా రంగులు వేశాను. మూడోది అక్క బొమ్మ. సర్దార్ పడితే ఆట నాది. వెనక ఉన్న నా విలుకాడితో బాణం వేస్తానన్నాను. వేలు పెట్టమన్నాడు బావ. ఆలోచించకుండానే నా వేలు అక్క బొమ్మ మీదికి పోయింది.

బేసి పడింది.

బొమ్మను తీసి పక్కన పెడుతుంటే, పక్కనే కుర్చీలో కూర్చున్న అక్క మెల్లగా అడిగింది. "గది నేను ఏసిందనే ఏలు పెట్టినవా?"

"కాదక్కా. వాని బలం తక్కువ" అన్నాను.

బావ బల్ల మీది నుంచి తలెత్తలేదు. ముగ్గురి బలమూ ఒకటేనని ఆయనకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఎన్నో ఆదివారాలుగా మా ఆట చూస్తూనే ఉంది.

మరుసటి రోజు నుంచి అక్క కుంచె ముట్టలేదు. చెయ్యి నొస్తోందని బావతో చెప్పిందట. దుకాణంలో ఫోన్లు విప్పుతూ కూర్చున్నా నా చూపు నా వేలి మీదికే పోయేది. ఆ వారమంతా ఆమె ఎదట పడకుండా తిరిగాను. ఆదివారం వెళ్లి, ఆ రూల్ తీసేద్దామని బావతో అన్నాను. లోపలి గదిలోంచి అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రూల్ ఏం జేసింది? ఏలు నీదే గద."

ఇక దాచలేకపోయాను. ఆ బొమ్మ మంచిగా లేదనే, పోయినా ఫరవాలేదనే పెట్టానని చెప్పేశాను.

"గాడు మంచిగ లేడని నాకు ఎర్కనే. నా కండ్లకేం కాలే" అంది. "అబద్ధమెందుకు చెప్పినవ్ తమ్మీ? చెయ్యి పడ్డకాంచి అందరు నాకు అబద్ధాలే చెప్తున్నరు. ఇగ వస్తది, అగ వస్తదని. నువ్వన్న చెప్పవనుకున్న."

బావ లేచి వాకిట్లోకి పోయి, నీళ్లు తెచ్చి ఆటో తుడవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు ఆట జరగలేదు. కానీ తర్వాతి ఆదివారం అక్క బావను లేపి తానే ఆయన కుర్చీలో కూర్చుంది. ఎడమచేత్తో పాచిక విసిరితే అది బల్ల దాటి కింద పడేది. తీసి మళ్లీ విసిరేది. మెల్లగా కుంచె కూడా పట్టింది. ఇప్పుడు ఆమె వేసే కళ్లు కళ్ల చోటే ఉంటున్నాయి. ఆటలో మా ఇద్దరికంటే మొండిది. తన సిపాయిల మీద జంకు లేకుండా, బేఫికర్‌గా వేలు పెడుతుంది.

నేనే మారిపోయాను. నా సేనలో ఆమె రంగు వేసిన బొమ్మ గుంపులో ఉంటే నా వేలు ఇంకొకరి మీదికి పోయేది, లేకపోతే బాణమే వేసేవాణ్ణి కాదు. గెలిచే ఆటలు అట్లా పోగొట్టుకున్నాను. ఆమె కొన్నాళ్లు చూసింది. ఒకరోజు పాచికను నా చేతిలోంచి లాక్కుంది.

"నేను ఏసినవాటిని ముట్టవేంది? జాలి పడుతున్నవా?"

లేదనబోయి ఆగాను. "పడుతున్నా" అన్నాను.

"గట్ల ఆడేదుంటే నేను లేస్త."

లేచిపోతుందని భయమేసింది. గుంపులో నా వైపు ఆమె రంగు వేసిన గుర్రపు సిపాయి ఉన్నాడు. దానిమీద వేలు పెట్టాను. అక్క పాచిక నా ముందుకు జరిపి, "ఎయ్యి" అంది. వేశాను. బేసి. ఆ గుర్రాన్ని ఆమే తీసి పక్కన పెట్టి, నా వంతెన వైపు టేపు పరిచి కొలవడం మొదలుపెట్టింది.