ఆ ఫోటో అక్కడే ఉంటుంది

నా భార్య చనిపోయిన సంగతి ఆమె పనిచేసిన మ్యూజియం వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను, ఆమె ఫోన్ నుంచే. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి.

ఆ గ్రూపులో పైనుంచి ఏ ఆర్డరు వచ్చినా అందరూ పెట్టేది ఆ బొమ్మే. ఆమె ఎన్నడూ పెట్టలేదు. ఒప్పుకుంటే "సరే సార్" అని రాసేది. ఒప్పుకోకపోతే ఎందుకో రాసేది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సర్క్యులర్లు నాకు చదివి వినిపించేది. "మీరు లెక్చరర్ కదా, ఇందులో ఒక్క మనిషన్నా కనపడతాడేమో చూడండి" అని ఎగతాళి.

పోయిన ఎండాకాలం సోషల్ మీడియా నియమాలు వచ్చాయి. సిబ్బంది సొంత ఖాతాల్లో మ్యూజియం ఫోటోలు ఉండకూడదు. అధికారిక పేజీలో వస్తువు మాత్రమే కనిపించాలి. వస్తువు ఇచ్చినవాళ్ల ముఖాలు, పేర్లు వద్దు. అప్పటికే ఆమె తన ఫోన్‌తో తీసిన ఒక ఫోటో తన ఖాతాలో పెట్టి ఉంది. తర్లుపాడు దగ్గరి ఒక పెద్దమ్మ, పలకరాయిని పొరలుగా చీల్చే తన ఉలిని మ్యూజియానికి ఇస్తున్న ఫోటో. కింద ఆ పెద్దమ్మ పేరు, ఊరు.

"తీసేయమ్మా, అందరికీ ఒకటే రూలు" అని ఆఫీసరు గ్రూపులో రాశారు. "రేపు ఏదన్నా గొడవొస్తే ఎవరు చూసుకోవాల?"

"అడిగే పెట్టినాను సార్. పేరు రాయమన్నది ఆమే. పట్టుకున్న మనిషి లేకుంటే అది ఇనుపముక్క" అని నా భార్య జవాబు.

తోటి ఉద్యోగిని ఫోన్ చేసింది. "ఏందక్కా, ఒక్క ఫోటో కోసం మెమో తెచ్చుకుంటావా?"

"తెచ్చుకుంటాలే. ఫ్రేము కట్టించుకుంటా."

మెమో వచ్చింది. జవాబు రాసింది. ఫోటో తీయలేదు. జబ్బు ముదిరి సెలవు పెట్టినా తీయలేదు.

కర్మలు ముగిశాక ఆఫీసరు నాకు ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు.

"అన్నా, మేడమ్ ఫోన్ మీ దగ్గరే ఉంది కదా. ఆ పోస్టు తీసేస్తే ఫైలు మూసేస్తాం. పోయిన మనిషి పేరు మీద మచ్చెందుకు?"

"మచ్చ అని ఆమె ఎప్పుడూ అనలేదు."

"ఇంకా పంతమెందుకన్నా?"

"పంతం నాదే అనుకోండి. ఫైలు తెరిచే ఉంచండి."

అన్నాను గానీ, ఫోటోలో ఉన్న ముఖం నాది కాదు. మరుసటి రోజు ఆటో ఎక్కి పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. నా భార్య పోయిందని చెప్పగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోటో సంగతి చెప్పి, "నీ ఇష్టం ఏందమ్మా?" అని అడిగాను.

"తీసేయమనేదానికి వాళ్లెవరు నాయనా? నా మొగం నాది. ఉండనీ."

ఇంటికొచ్చి గ్రూపులో రాశాను: "ఫోటోలో ఉన్న పెద్దమ్మను అడిగి వచ్చాను. ఫోటో తీయను." కింద నా పేరు పెట్టాను. కాసేపటికి నా భార్య నంబరును గ్రూపులోనుంచి తొలగించారు. తొలగించనీ.

ఫోటో ఉంది. ఎవరైనా చూడవచ్చు. అందులో పెద్దమ్మ ఉలి వైపు చూడదు. ఫోన్ పట్టుకున్న మనిషి వైపు చూసి, నోరంతా తెరిచి నవ్వుతుంటుంది.