హెల్మెట్ మీద తాబేలు

గోదావరిఖనిల క్రాఫ్ట్ పనిల నన్ను మించినోళ్ళు ఇంకా పుట్టలేదు! మొన్నటి శనివారం దాక గట్లనే అనుకున్న. పుట్టిందట. ఎనిమిదేండ్లయింది గూడ. మూడో తరగతి చదువుతది. మా అక్క బిడ్డ చిన్ని.

ఆ శనివారం బడికి సెలవు. సోమవారం చిన్ని ఒక తాబేలు బొమ్మ చేసి పట్టుకపోవాలె. ఎట్ల చెయ్యాల్నో టీచరమ్మ చెప్పే పంపింది. బెలూన్ ఊదాలె, దానిమీద పేపర్ ముక్కలు జిగురుతోని అతికించాలె, ఎండినంక సూదితో పొడవాలె. లోపలి బెలూన్ ఠప్పున పగిలిపోతది, పైన గట్టి డొప్ప మిగులుతది. రంగేస్తే తాబేలు.

"మామా, బెలూన్లు తెచ్చినవా?"

"చౌరస్తల ఒక్క దుకాణంల గూడ లేవు బిడ్డా. అయినా బెలూనే ఎందుకు? గుండ్రంగ ఉన్నది ఏదైనా నడుస్తది. నీ మామకు దిమాగ్ లేదా?"

ఆ దిమాగ్ ఇల్లంత కలెదిరిగింది. గిన్నెలు చిన్నగున్నయి. గంజు ముట్టుకుంటే అక్క గరిటె లేపింది. అప్పుడు కనబడ్డది, గోడ మేకుకు, మా బావ హెల్మెట్! బొగ్గుబాయిలకు దిగేటప్పుడు పెట్టుకునేది. ఏం గుండ్రం, ఏం నునుపు! సెకండ్ షిఫ్టు చేసొచ్చిన బావ గుర్రు పెట్టి పండుకున్నడు.

"నాన్నకు చెప్దామా మామా?"

"ఫికర్ చెయ్యకు. మీ నాన్న డ్యూటీకి పోయేది మధ్యాహ్నం. అప్పటికి తాబేలు తాబేలే, హెల్మెట్ హెల్మెటే."

జిగురుకు మైదా ఉడికించిన. ఇంకా గట్టిగుండాలని కట్టెపని చేసే వడ్లాయన దగ్గర తెచ్చిన తెల్ల గమ్ము సగం డబ్బా అండ్లనే గుమ్మరిచ్చిన. చిన్ని చింపుడు, నేను అతికించుడు. ఐదు వరుసలు! తీస్కపోయి మిద్దె మీద ఎండల పెట్టినం. పన్నెండున్నరకు చూస్తే రాయి! వేలితో కొడితే టంగుమన్నది. నా భుజం నేనే తట్టుకున్న.

పచ్చ రంగేసినం. ముందట లైటు తగిలిచ్చే క్లిప్పు కాడ అట్టముక్కతోని తల, రెండు గుడ్లు, చెవుల దాక నవ్వు. వెనుక తోక. అంతల ఊరి పక్క ఓపెన్‌కాస్ట్ గనిల బండలు పేల్చే బ్లాస్టింగ్ అయింది. కిటికీలు గలగల, మిద్దె గజగజ. చిన్ని చెయ్యి అదిరి తాబేలుకు మీసమొచ్చింది. నా కుంచె మాత్రం వెంట్రుకంత కదలలే.

"బాయి పనోళ్ళ బిడ్డవు, గీ చప్పుడికే జంకుతరానే?" అని ఓ మొట్టికాయ గూడ ఏసిన.

రంగు ఆరింది. చిన్ని కిందికురికి సూది పట్టుకొచ్చింది.

"ఇగ పొడువు మామా."

"దేన్ని?"

"లోపలున్నదాన్ని. పొడిస్తెనే కద పగిలేది."

సూదిని చూసిన. హెల్మెట్‌ను చూసిన. నెత్తి మీద బండ పడ్డా పగలొద్దని చేసిన వస్తువది!

చిన్ని మస్తు మెల్లగ అడిగింది. "మామా, హెల్మెట్ ఎట్ల పగులుతది?"

సరిగ్గ అప్పుడే కింది నుంచి బావ గొంతు. "నా హెల్మెట్ ఏదే? బస్సు టైమయితుంది!"

మా బావ సంగతి మీకు తెల్వది. ఏడాది మొత్తంల ఒక్క నాగా పెట్టలే. జరమొచ్చినా డ్యూటీనే, చుట్టాలొచ్చినా డ్యూటీనే. హెల్మెట్ లేకుంటే బాయిలకు దిగనియ్యరు. షిఫ్టు బస్సు ఇంకో పావుగంటల.

తాబేలును పట్టుకొని కిందికురికినం. నేను దాని తల పట్టి గుంజిన. అక్క తోక పట్టి గుంజింది. తోక ఊడింది, తాబేలు ఊడలే. అక్క వంటింట్లకెళ్ళి కత్తి తెచ్చింది. తాబేలు కోసమా, నా కోసమా, ఇప్పటికీ తెల్వది. చిన్ని నడుమల నిలబడి ఒకటే ఏడుపు. "నా తాబేలును కొయ్యొద్దు!"

బావ హెల్మెట్‌ను చేతులకు తీసుకొని చుట్టూ తిప్పి చూసిండు.

"బామ్మర్దీ, ఇది నవ్వుతుందేందిరా?"

"మంచిగనిపిస్తదని నేనే పెట్టిన బావా..."

"మీసాలు గూడ పెట్టినవా?"

బయట హారన్ కొట్టిండ్రు. బావ బిడ్డ మొఖం చూసిండు, నా మొఖం చూసిండు, తాబేలును నెత్తిన పెట్టుకొని నడిచిండు. బస్సు కిటికీలకెళ్ళి తలకాయలన్నీ బయటికొచ్చినయి.

"జల్ది ఎక్కన్నా! నీది గూడ తాబేలు నడకేనా?"

నేను తలుపు సందుల నుంచి చూసి, మళ్ళ తలుపేసుకున్న.

తెల్లారి లేచి చూస్తే బల్ల మీద అద్దమసొంటి హెల్మెట్. దాని పక్కన తాబేలు, ఎక్కడా చిరుగు లేదు! బాయి కాడ బావతోని పనిచేసే పెద్దోళ్ళు, నలుగురు కాకలు, చుట్టూ కూసున్నరట. వేడినీళ్ళు పోసి నానబెట్టి, అంచు కాడ స్కేలు దూర్చి, "చిన్నపిల్ల బడి పనిరా, పైలం" అనుకుంట మెల్లగ ఒలిచిండ్రట. ఆఖరి సైరన్ మోగేలోపట బావ హాజరు పడ్డది. తోక లేదని వాళ్ళల్ల ఒక కాక బూటు లేసు తెంపి కట్టిండు గూడ.

సోమవారం తాబేలుకు ఐదు స్టార్లు. "ఎవరు సాయం చేసిండ్రమ్మా?" అని టీచరమ్మ అడిగితే, "మా నాన్న షిఫ్టోళ్ళు" అన్నదట చిన్ని. నా పేరే లేదు! సరే అనుకున్న. పోనీ, కథ గిక్కడికి ఒడిసిందనుకున్న.

ఒడవలే. బట్టలు పిండుకుంట అక్క నా ప్యాంటు జేబుల నుంచి ఒక పొట్లం తీసింది. ఎర్రవి, పచ్చవి, నీలివి. విప్పని ప్యాకెట్.

"చౌరస్తల బెలూన్లే లేవంటివి కదరా?"

ఇగ దాచి లాభం లేదు. ఉన్నయి. శుక్రవారమే కొన్న. బ్లాస్టింగ్‌కు ఇల్లు ఊగినా కుంచె కదలనియ్యనోన్ని కదా, నాకు బెలూన్ పగులుతదంటే భయం. సూది దాని దగ్గరికి పోతుంటేనే నేను గది దాటి ఉరుకుత. నమ్మకుంటే చిన్ని పుట్టినరోజు ఫోటోలు చూడుండ్రి. ఎనిమిదేండ్ల సంది కేకు కోసే ఒక్క ఫోటోల గూడ మామ ఉండడు. బాత్రూంల గొళ్ళెం పెట్టుకొని, చెవుల్ల వేళ్ళు పెట్టుకొని ఉంటడు.